మునిసిపాలిటీ పేరుచెక్క

కొండ మీది మా తొచిసావా ఊళ్ళో పన్ను కవర్లు వచ్చాయని ముందు తెలిసేది తొషిజో అన్న ఇస్త్రీపెట్టెకి. మే నెలలో ఆ కవరు చేతికందిన మర్నాడే ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, కొండ దిగి, మునిసిపల్ ఆఫీసులో కౌంటరు ముందు నిలబడి, ఏడాది పన్ను మొత్తం ఒక్కసారే కట్టి వచ్చేవాడు. నాలుగు వాయిదాల్లో కట్టుకోవచ్చు. బ్యాంకులో ఒక సంతకం పడేస్తే వాళ్ళే కోసుకుంటారు. ఈ ముసలి వయసులో నీకెందుకీ తిప్పలు అని నేను ఎన్నోసార్లు అన్నాను. "నా డబ్బు పుచ్చుకునేవాడి మొహం నేను చూడాలి, నా మొహం వాడు చూడాలి" అనేవాడు. నా సంగతి మాత్రం అడక్కండి. ఎర్రక్షరాల నోటీసు తలుపుసందులోంచి పడితే గాని మా ఇంట్లో పన్ను ఎవరికీ గుర్తురాదు.

ఆయన బస్సు డ్రైవరు. ముప్ఫై ఏళ్ళకు పైగా మా కొండదారిలో మునిసిపాలిటీ బస్సు నడిపాడు. మంచు నడుంలోతు పడ్డ రోజున కూడా చక్రాలకు గొలుసులు కట్టుకుని వచ్చేవాడు. ఆలస్యమైతే టోపీ తీసి ఎక్కిన ప్రతి మనిషికీ విడివిడిగా క్షమాపణ చెప్పేవాడు. మా అత్తగారికి ఒకసారి చెబితే, "మంచు కురిపించింది నువ్వా నాయనా, పోనీ" అంది. ఎక్కేవాళ్ళు తగ్గిపోయారని ఆ బస్సు తీసేశారు. ఆఖరి రోజున ఆయన బస్సు లోపలా బయటా కడిగి, సీట్ల కింద కూడా తుడిచి, తాళాలు అప్పజెప్పాడు. బస్టాపు స్తంభం మాత్రం మలుపు దగ్గర ఇప్పటికీ ఉంది. ఎనిమిదీ పదికి బస్సు వస్తుందని దానిమీది కాగితం ఇంకా చెబుతూనే ఉంది.

ఆయన భార్య ఫుమియే వదిన పిల్లలకు కుంచెతో అక్షరాలు రాయడం నేర్పేది. ఊరంతా కలుసుకునే మా సమావేశం ఇంట్లో శనివారాలు క్లాసు. మా తరం తరువాత వాళ్ళంతా ఆవిడ దగ్గరే చేతులకు సిరా పూసుకున్నారు. అయిదేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట మాత్రం పోలేదు, పదును కూడా పోలేదు. మంచం మీద ఉండే ఆవిడ కోసం వారానికోసారి, మంగళవారం నాడు, స్నానాల బండి వచ్చేది. ముగ్గురు దిగేవాళ్ళు, అందులో ఒకమ్మాయి నర్సు. తొట్టిని రెండు ముక్కలుగా మోసుకొచ్చి గదిలో బిగించి, బండిలోనే నీళ్ళు కాచి, గొట్టంతో నింపి, ఆవిణ్ణి వల మీద పడుకోబెట్టి భుజాల దాకా మెల్లగా దించేవాళ్ళు. ఒంటిమీద నాలుగు చెంబులు పోసుకుంటే మాకు స్నానం కాదు. వేడినీళ్ళలో మెడ దాకా మునిగి, ఎముకల్లో చలి కూడా బయటికి పోయాక, నోట్లోంచి దానంతటదే "అమ్మయ్య" అని రావాలి. అప్పుడే స్నానం. ఆ మంగళవారాలు ఆవిడ "అమ్మయ్య" మా వాకిట్లోకి వినిపించేది.

ఆ తరువాత ఒక శరత్కాలంలో తుపాను వచ్చింది. బస్టాపు మలుపు దగ్గర రోడ్డు అంచు విరిగి వాగులోకి జారిపోయింది. మిగిలిన రోడ్డు మీద మా చిన్న ట్రక్కులు పోతాయి, కాని గుండె చేత్తో పట్టుకుని పోవాలి. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకుని, టోపీల్లాంటి నారింజరంగు ప్లాస్టిక్ శంకులు రెండు అడ్డంగా నిలబెట్టి, ఒక బోర్డు పాతి వెళ్ళారు. గ్రామస్థుల వాహనాలు తప్ప మిగతావి ప్రవేశించరాదు. స్నానాల బండి కంపెనీ వాళ్ళు ఎంతో మర్యాదగా ఫోను చేశారు. బోర్డు దాటి వస్తే మా ఇన్సూరెన్సు ఒప్పుకోదండీ, బోర్డు తీసిన వెంటనే వస్తామండీ అన్నారు.

అంతే. ఆ బోర్డుకీ ఫుమియే వదిన స్నానానికీ ముడి పడిపోయింది. బండికి బదులు ఒక అమ్మాయి మలుపు దగ్గర కారాపుకుని నడిచొచ్చి తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి పోయేది. "భోజనాల బల్ల తుడిచినట్టు తుడుస్తోందే హారుయే" అని వదిన నాతో అనేది. ఒకసారి తొషిజో అన్నా నేనూ కలిసి ఆవిణ్ణి మా చేతులతోనే స్నానాల గదికి ఎత్తుకుపోబోయాం. ఆయనకు డెబ్బై ఎనిమిది, నాకు నడుం నొప్పి. గడపలో ముగ్గురమూ పడ్డాం, ఆవిడ పక్కటెముక ఒకటి చిట్లింది. మళ్ళీ ఆ ప్రయత్నం చెయ్యొద్దని ఆవిడే అంది. ట్రక్కులో పరుపు వేసి కింద పట్టణానికి తీసుకుపోదామంటే మండిపడింది. జుట్టు ముడి వేసుకోకుండా ఏనాడూ వాకిట్లోకి రాని మనిషి, ముల్లంగి మూటలాగా ఊరంతా చూస్తుండగా పోతుందా?

తొషిజో అన్న ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఆయనకు కేకలు వేయడం రాదు. వెళ్ళేవాడు, అడిగేవాడు, విని వచ్చేవాడు. ఒకనాడు తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చుని, "పరిశీలనలో ఉందన్నారు హారుయే. ఎవరు పరిశీలిస్తున్నారండీ అని అడిగా. అదీ పరిశీలనలోనే ఉందట" అన్నాడు, మొహంలో నవ్వు లేకుండా.

"పోనీ మనమే రాళ్ళు పోసి పూడ్చుకుందాం" అన్నాను.

"అదీ అడిగా. మునిసిపల్ రోడ్డు, మీరు ముట్టుకోకండి, ఎవరికైనా ఏమైనా అయితే బాధ్యత ఎవరిదీ అన్నారు."

వాళ్ళు చెయ్యరు, మమ్మల్ని చెయ్యనివ్వరు. అదే ఏడు ఆఫీసు గుమ్మానికి, మనిషి దగ్గరికి రాగానే వాటంతటవే తెరుచుకునే అద్దాల తలుపులు పెట్టారు. పట్టణానికి గుర్తుగా ఉండాలని, పుట్టగొడుగు తలకాయతో, మనిషి లోపల దూరి తిరిగే ఒక బొమ్మవేషం కుట్టించారు. అది జాతరల్లో చేతులూపుతూ తిరుగుతుంది. నాకు ఒళ్ళు మండింది. మాకు అరికాలంత రోడ్డంచు లేదు, వాళ్ళకు చేతులూపే పుట్టగొడుగా? ఆ ఏడు నేను ఎర్రనోటీసు వచ్చినా కట్టకూడదనుకున్నాను. "నువ్వు కట్టకపోతే నిన్ను చూపించి ఇంకో ఏడు దాటేస్తారు" అని తొషిజో అన్న నాచేత కట్టించాడు. ఆయన మాత్రం మామూలుగానే మొదటి రోజున, ఇస్త్రీ చొక్కాతో. అలా రెండు చలికాలాలు గడిచిపోయాయి.

ఇక్కడ మా దారిపని సంగతి చెప్పాలి. మంచు కరిగాక ఏప్రిల్లో ఒక ఆదివారం, గడ్డి పెరిగాక జూన్‌లో ఒక ఆదివారం, ఇంటికొక మనిషి చొప్పున కొడవలీ పారా పట్టుకుని బయల్దేరాలి. పొలందార్లు, అడవిబాట, కాలవగట్టు అన్నీ బాగుచేసుకోవాలి. మా తాతలనాటి నుంచీ ఇంతే. సమావేశం ఇంట్లో గోడకు ఇంటికొక పేరుచెక్క వేలాడుతుంటుంది. పనికి వచ్చినవాళ్ళు పొద్దున్నే తమ చెక్కను పేరు కనబడేలా తిప్పుతారు. సాయంత్రానికి ఎవరి చెక్క గోడకేసి ఉండిపోయిందో ఆ ఇల్లు గైర్హాజరు రుసుం ఇచ్చుకోవాలి. పెద్ద మొత్తమేమీ కాదు. కాని అది ఇచ్చుకోవడమంటే మాకు ప్రాణం పోతుంది. డబ్బు పారేసి ఊరిని తప్పించుకున్నాడని అర్థం. జ్వరంతో ఉన్నవాళ్ళు కూడా వచ్చి, గట్టు మీద కూర్చుని టీ అయినా కాచి, చెక్క తిప్పుకుని పోతారు. ఊళ్ళో ఇళ్ళు తగ్గిపోయాయి కనక ఇప్పుడు ఆ గోడ మీద ఎక్కువ చెక్కలు ఎప్పటికీ వెనక్కే తిరిగి ఉంటాయి. వాటిని తీసెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు.

రెండేళ్ళకోసారి మారే పేట పెద్ద వంతు ఆ ఏడు తొషిజో అన్నకు వచ్చింది. మార్చిలో సమావేశానికి అందరం పొయ్యి చుట్టూ చేరాం. ఉన్నట్టుండి ఆయన అన్నాడు:

"మన మూతబడ్డ బడి ఎవరిది?"

"మునిసిపాలిటీది" అన్నాడు కన్సుకె. అతను దుంగల మీద పుట్టగొడుగులు పెంచుతాడు, నోరు ఊరుకోదు. "దాని చుట్టూ గడ్డి కోసేది మాత్రం మనం."

"అయితే వాళ్ళకి మన ఊళ్ళో ఇల్లున్నట్టేగా. ఇల్లున్నవాళ్ళు దారిపనికి మనిషిని పంపాలిగా. వాళ్ళ పేరుచెక్క ఏదీ?"

 కన్సుకె పడీపడీ నవ్వాడు. "ఆ పుట్టగొడుగుని పంపుతారేమో అన్నా! నా దుంగల మీద కూర్చోబెడతా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. నవ్వులు తగ్గేదాకా ఆగి, "మునిసిపాలిటీ మనిషి మన పక్కన నిలబడి ఆ మలుపులో ఒక రాయి వేశాడనుకో. ఇక ముట్టుకోవద్దనడానికి ఎవరు మిగులుతారు?" అన్నాడు. అప్పుడు అర్థమైంది మాకు, ఇది వేళాకోళం కాదని.

దేవదారు చెక్క ఒకటి నున్నగా చిత్రికపట్టి ఫుమియే వదిన పక్కన పెట్టాడు. పక్షవాతం వచ్చాక ఆవిడ కుంచె ముట్టుకోలేదు. నేను సిరా నూరి పెట్టాను. ఎడమచేత్తో, పడుకునే, ఒక్కో గీతకూ ఊపిరి బిగబట్టి మునిసిపాలిటీ అని రాసింది. గీతలు వణికాయి. "నా శిష్యులెవరైనా ఇలా రాసుంటే చింపేదాన్ని" అంది. నాకు మాత్రం ఆ గోడ మీద అంత మంచి అక్షరాలు ఇంకెక్కడా కనబడలేదు.

మునిసిపాలిటీకి కబురు పద్ధతిగానే వెళ్ళింది. మిగతా ఇళ్ళకు పంపినట్టే తేదీ, వేళ, తెచ్చుకోవలసిన పనిముట్లు, మధ్యాహ్నం అన్నం ఊరే పెడుతుందన్న మాట. ఏప్రిల్ ఆదివారం వచ్చింది. ఎవరూ రాలేదు. సాయంత్రం ఆ కొత్త చెక్క గోడకేసి ఉండిపోయింది.

మర్నాడు తొషిజో అన్న మా ఇంటికొచ్చాడు. "హారుయే, మీ ఇంట్లో ఎర్రనోటీసు ఒకటి ఇస్తావా?"

"ఎందుకూ?"

"గైర్హాజరు రుసుం అడుగుతూ మునిసిపాలిటీకి రాయాలి. అలాంటివి ఎలా రాస్తారో నాకు తెలీదు. జీవితంలో ఒక్కటీ రాలేదు."

"కావలసినన్ని ఉన్నాయి, ఏది నచ్చితే అది తీసుకో" అన్నాను. ఆయన అందులో భాష యథాతథంగా దించాడు. తమరు గడువులోగా చెల్లించని పక్షంలో అని మొదలుపెట్టి, ఇదివరకే చెల్లించి ఉన్నట్లయితే ఈ నోటీసును పరిగణించనవసరం లేదు అని ముగించి, కింద పేట ముద్ర వేసి పోస్టులో పడేశాడు.

వారం తిరక్కుండా ఊరి ఖాతాలో డబ్బు పడింది.

రెండేళ్ళుగా అరికాలంత రోడ్డు వెయ్యని ఆఫీసు, ముద్ర సరిగ్గా ఉన్న కాగితం కనబడగానే ఎందుకు ఏమిటి అని అడక్కుండా చెల్లించేసింది. ఆ కబురు విని కన్సుకె సారా సీసా పట్టుకొచ్చాడు. మునిసిపాలిటీ దగ్గర పన్ను వసూలు చేసిన మొదటి మొనగాడివి నువ్వే అన్నా అని తొషిజో అన్న వీపు చరిచాడు. ఊరు ఊరంతా ఆ సాయంత్రం నవ్వింది. ఆయన గిన్నె ముట్టుకోలేదు. లేచి ఇంటికి పోతుంటే నేను వెంట నడిచాను.

"ఏమైంది అన్నా? గెలిచావుగా."

"వాళ్ళు రాలేదు హారుయే. డబ్బిచ్చి తప్పుకున్నారు." కాసేపు నడిచాక అన్నాడు: "నేనూ అంతేగా. నలభై ఏళ్ళు పన్ను కట్టి, నా పని అయిపోయిందని ఇంటికొచ్చేవాణ్ణి. వాళ్ళు నాకు నా మర్యాదే తిరిగి చేశారు."

నాకు కోపం వచ్చింది. మంచివాళ్ళకున్న జబ్బే ఇది, తన్నినవాడి కాలు నొప్పెట్టిందేమోనని అడుగుతారు. "నువ్వు కట్టింది వాళ్ళు పని చెయ్యాలని. వాళ్ళు కట్టింది పని తప్పించుకోవాలని. రెండూ ఒకటెలా అవుతాయి? నీ డబ్బుతోనే నీకు రుసుం కట్టారు, తెలుస్తోందా?" అన్నాను. ఆయన ఆగి నన్ను చూశాడు. "అదీ నిజమే" అన్నాడు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మే నెల రావడానికి ఇంకా టైముంది. నా ట్రక్కులో నేనే తీసుకెళ్ళాను. అద్దాల తలుపులు మమ్మల్ని చూసి తెరుచుకున్నాయి. కౌంటరు మీద డబ్బు పెట్టే చిన్న పళ్ళెంలో ఆ రుసుం కవరు పెట్టి, రెండు చేతులతో ముందుకు జరిపి, "తొచిసావా పేట. ఇది తిరిగి ఇస్తున్నాం. మాకు మనిషి కావాలి" అన్నాడు.

కౌంటరులో అమ్మాయి కంగారుపడింది. ఇలా తీసుకోవడానికి పద్దు లేదండీ అంది. పైవాళ్ళను పిలిచింది. వాళ్ళు ఇంకో పైవాళ్ళను పిలిచారు. చివరికి రోడ్ల విభాగం పెద్ద వచ్చాడు. నెజు అని, యాభై ఏళ్ళుంటాయి. కళ్ళ కింద నల్లగా ఉంది. వంగి దండం పెట్టి, పెట్టిన దండం నుంచి లేవడానికి కూడా ఓపిక లేనివాడిలా కనిపించాడు.

"తొషిజో గారూ, మీ అర్జీలన్నీ నా బల్ల మీదే ఉన్నాయండీ. మా విభాగంలో ఇప్పుడు ముగ్గురమే. ఇలాంటి మలుపులు పట్టణమంతటా ఉన్నాయి. వచ్చే ఏడు బడ్జెట్లో..."

"నేను బడ్జెట్టు అడగడానికి రాలేదు బాబూ. ముగ్గురిని అడగలేదు, ఇంటికొక్క మనిషి, అదే మా పద్ధతి. నేను మీ బస్సు నడిపాను. బస్సు ఆలస్యమైందని చలిలో నిలబడ్డవాళ్ళకి డబ్బు పంపి ఇంట్లో కూర్చోలేదు. ఎంత ఆలస్యమైనా వెళ్ళి ఎక్కించుకున్నా."

 నెజు పళ్ళెంలో కవరు వైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తమ తమ కాగితాల్లో ఏదో వెతుక్కుంటున్నారు. నెజు కవరు మీంచి కళ్ళెత్తి, "ఏం తెచ్చుకోవాలండీ?" అన్నాడు.

"కొడవలి, చేతొడుగులు. అన్నం మేం పెడతాం."

జూన్ ఆదివారం పొద్దున్నే వచ్చాడు. సొంత కారు బోర్డు అవతలే ఆపుకుని నడిచొచ్చాడు. ఆఫీసు వాళ్ళిచ్చే పనిచొక్కా వేసుకున్నాడు, మడతలు ఇంకా పోలేదు. కొడవలి పిడికి ధర కాగితం అంటుకునే ఉంది. కన్సుకె అది చూడనే చూశాడు. "బాబుగారూ, ఇది గడ్డి కొయ్యడానికి కొన్నారా, అమ్మడానికి తెచ్చారా?" అన్నాడు. నెజు ఎర్రబడి గోటితో గీకాడు, అది ఊడలేదు. తొషిజో అన్న అతన్ని సమావేశం ఇంట్లోకి తీసుకెళ్ళి గోడ చూపించాడు. నెజు మునిసిపాలిటీ చెక్కను రెండు చేతులతో తిప్పాడు.

ఆ రోజు మేం గడ్డి సగమే కోసి మలుపు దగ్గరికి చేరాం. ముందు రాయి నెజుది. దాన్ని ఎత్తి, అంచుకు తెచ్చి, వెయ్యబోయి ఆగాడు. అతని మొహంలో బాధ్యత ఎవరిదన్న ప్రశ్న నాకు స్పష్టంగా కనబడింది. తరువాత వేశాడు. ఇక ఎవరూ ఆగలేదు. కన్సుకె తన చిన్న తవ్వుడు యంత్రం తెచ్చాడు, మేం వాగులోంచి రాళ్ళు అందించాం, దుంగలు పాతాం, కంకర పోసి దిమ్మిస కొట్టాం. మధ్యాహ్నానికి నెజు అరచేతులు బొబ్బలెక్కాయి. అన్నం ముద్దలు, ఊరబెట్టిన కొండ ఆకుకూర తిన్నాం. తొషిజో అన్న స్నానం ఊసు ఎత్తుతాడేమో అని నేను చూస్తున్నాను. ఎత్తలేదు. ఇంకో ముద్ద తీసుకోండి అని మాత్రం అన్నాడు.

ఎత్తింది ఫుమియే వదిన. టీ వేళకి కిటికీలోంచి నన్ను కేకేసింది. "హారుయే, మునిసిపాలిటీ వచ్చిందటగా? ఒకసారి చూడాలి, పంపు."

నెజు చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి గది గుమ్మంలో కూర్చున్నాడు. ఆవిడ జుట్టు నేను అప్పుడే దువ్వి ముడి వేశాను.

"మీరేనా? నా రాత ఎలా ఉంది?"

"చాలా బావుందండీ."

"అబద్ధం. ఎడమచెయ్యి." దుప్పటి పైకి లాక్కుంది. "అక్కడే కూర్చోండి బాబూ, దగ్గరికి రాకండి. రెండు చలికాలాలైంది నీళ్ళలో దిగి. వాసనొస్తాను."

నింద లేదు ఆ మాటలో, ఏడుపు లేదు. ఇంటికొచ్చిన మనిషికి అసౌకర్యం కలగకూడదని చెప్పింది, అంతే. నెజు నుదురు చాపకు ఆనించాడు. చాలాసేపు ఎత్తలేదు. నేను అక్కడ నిలబడలేక వంటింట్లోకి పోయాను. వాళ్ళ మీద నాకున్న కోపం ఒక్క పిసరు తగ్గలేదు, ఈ ఒక్క మనిషి మీద మాత్రం పోయింది.

పని ఆ ఆదివారంతో తెమల్లేదు. మరుసటి ఆదివారం నెజు పిలవకుండానే వచ్చాడు. ఆ తరువాత నాలుగు రోజులకు ఒక ట్రక్కులో తనే కొత్త బోర్డు తెచ్చి, పాతది పీకి దాని చోట పాతాడు. నెమ్మదిగా వెళ్ళవలెను, పెద్ద లారీలు ప్రవేశించరాదు. ఆ కొత్త మాటలకి ఎన్ని బల్లల దగ్గర ఎన్ని ముద్రలు వేయించుకున్నాడో అతను చెప్పలేదు. రెండేళ్ళు పట్టిన పని ఒక బోర్డంత ఉంది.

మంగళవారం స్నానాల బండి వచ్చింది. మలుపు దగ్గర డ్రైవరు దిగి, కాలితో కంకర తొక్కి చూసి, ఎక్కి నడిపాడు. తొషిజో అన్న రోడ్డు పక్కన నిలబడి, పాత అలవాటు కొద్దీ చేత్తో రమ్మని సైగ చేస్తూ బండిని దాటించాడు. తొట్టి లోపలికి వెళ్ళింది. గొట్టం వాకిట్లోంచి గదిలోకి పాకింది. ఆయన లోపలికి వెళ్ళలేదు, గొట్టం పక్కన నిలబడి దాని మీద చెయ్యి వేసి వేడి చూస్తున్నాడు. లోపల నీళ్ళ చప్పుడు. నర్సు "దించుతున్నామండీ" అంది. తరువాత ఏమీ వినబడలేదు. తరువాత వినబడింది, సగం ఊరికి వినబడేలా, "అమ్మయ్య" అని.

తొషిజో అన్న టోపీ తీసి, గుమ్మం వైపు తిరిగి వంగి నిలబడ్డాడు. బస్సు ఆలస్యమైతే నిలబడినట్టే నిలబడ్డాడు.

ఆ బండి ఇప్పటికీ వస్తోంది. కథ ఇక్కడితో ఆపేస్తే మునిసిపాలిటీ బాగుపడిందని మీరనుకుంటారు, అందుకే మిగతాది కూడా చెబుతున్నాను. మరుసటి ఏడు ఏప్రిల్లో ఆఫీసులో అందరినీ ఎప్పటిలాగే ఒక కుర్చీలోంచి ఇంకో కుర్చీకి మార్చారు. రోడ్ల విభాగానికి కొత్త పెద్ద వచ్చాడు. దారిపని కబురు పంపితే, ఆ విషయం నాకు అప్పగింతల్లో రాలేదు, పరిశీలిస్తాను అన్నాడు. దారిపని ఆదివారం పొద్దున్న ఆఫీసు తరఫున ఎవరూ రాలేదు.

నెజు వచ్చాడు. కొడవలికి ధర కాగితం సగం మిగిలే ఉంది.

"ఇప్పుడు ఏ విభాగం బాబూ?" అని కన్సుకె అడిగాడు.

"పన్నుల విభాగమండీ."

ఊరంతా ఘొల్లుమంది. "హారుయేక్కా, దాక్కో! ఎర్రనోటీసు నడిచొచ్చింది!" అని కన్సుకె అరిచాడు. నెజు కూడా నవ్వి, గోడ దగ్గరికి వెళ్ళి మునిసిపాలిటీ చెక్క తిప్పబోయాడు. తొషిజో అన్న అతని చెయ్యి పట్టుకున్నాడు.

"అది నీది కాదు. ఆఫీసు రాలేదు, నువ్వొచ్చావు."

జేబులోంచి కొత్త చెక్క తీసి ఇచ్చాడు. నెజు అని రాసి ఉంది. ఫుమియే వదిన ఎడమచెయ్యి ఈ ఏడాదిలో బాగా కుదురుకుంది, గీతలు వణకలేదు. నెజు దాన్ని చాలాసేపు పట్టుకుని చూసి, మేకుకు తగిలించాడు.

వారం తిరక్కుండా ఊరి ఖాతాలో గైర్హాజరు రుసుం పడింది. తొషిజో అన్న నోటీసు పంపకముందే పడింది, ఆఫీసు పద్దుల్లో అదొక మామూలు ఖర్చై కూర్చుందన్నమాట. మే నెలలో ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పన్ను కట్టడానికి వెళ్ళాడు, నేనూ వెళ్ళాను. ఈసారి నేనూ మొదటి రోజే కట్టాను, కౌంటరు వెనక నెజు ఉన్నాడు కనక సిగ్గేసింది. తొషిజో అన్న పళ్ళెంలో పన్ను పెట్టి, దాని పక్కన రుసుం కవరు పెట్టాడు.

"ఇది తీసుకోవడానికి పద్దు లేదండీ" అన్నాడు నెజు మెల్లగా.

"తెలుసు బాబూ. మనిషి వచ్చేదాకా ఏటేటా తెస్తా. చెప్పు వాళ్ళకి."

సమావేశం ఇల్లు ఊడ్చే వంతు వచ్చినప్పుడల్లా నేను ఆ గోడ చూస్తాను. నెజు చెక్క ఇటు తిరిగి ఉంది. దాని పక్కది గోడకేసి ఉంది. ఫుమియే వదిన పడుకుని, ఊపిరి బిగబట్టి రాసిన ఆ వణుకు అక్షరాలు ఎవరికీ కనబడకుండా ఉండిపోతున్నాయని నాకు ప్రాణం ఉసూరుమంటుంది, తిప్పేద్దామని చెయ్యి లేస్తుంది. అదే మాట ఒకనాడు వదినతో అన్నాను. అప్పుడే స్నానం అయింది, మొహం ఎర్రగా, జుట్టు తడిగా ఉంది.

"నువ్వు తిప్పకే" అంది. "వాళ్ళే వచ్చి తిప్పుకోవాలి."

దుమ్ము తుడిచి అలాగే వదిలేశాను.